సర్వేయర్‌తో వాదించినందుకు 132, 221 కేసు: హైకోర్టు ఈ సెక్షన్లను ఎలా చదువుతుంది?

మీరు ఒకే ప్రశ్నలో రెండు కేసులు కలిపి రాశారు, ముందు వాటిని విడదీస్తాను. మొదటిది: మండల సర్వేయర్, వీఆర్వో మీ పొలం కొలవడానికి వచ్చారు, మీ నాన్నగారు "నోటీసు ఏది, నోటీసు లేకుండా గొలుసు వేయనివ్వను" అని గట్టిగా అరిచారు, మీరు ఫోన్‌లో వీడియో తీశారు, సాయంత్రానికల్లా నాన్నగారు ఏ1, మీరు ఏ2గా, ఐపీసీ స్థానంలో 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ 132, 221, రెడ్ విత్ 3(5) కింద ఎఫ్‌ఐఆర్ అయింది. రెండోది: పక్క పొలం ఆయన చనిపోయిన మీ తాతగారి సంతకంతో ఒక అమ్మకం అగ్రిమెంటు పుట్టించి జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేశాడు, మీరు స్టేషన్‌కి వెళ్తే "కాగితం కోర్టులో ఉంది, మేం ముట్టుకోకూడదు" అన్నారు. చివర్లో "అమెరికాలో అబ్‌స్ట్రక్షన్ ఆఫ్ జస్టిస్ అంటారు కదా, మన హైకోర్టు దాన్ని ఎలా చూస్తుంది, క్వాష్ అవుతుందా (అంటే ట్రయల్ లేకుండానే కేసు కొట్టేస్తారా)" అని అడిగారు.

ఆ పేరుతో మనకి ఒకే చట్టం లేదు. అధికారి పనికి అడ్డు తగలడం ఒక సెక్షన్, కోర్టులో అబద్ధం చెప్పడం ఇంకొకటి, సాక్ష్యం మాయం చేయడం మరొకటి, దొంగ కాగితం కోర్టులో పెట్టడం వేరొకటి, అన్నీ బీఎన్‌ఎస్‌లో అక్కడక్కడా పడి ఉంటాయి. కానీ హైకోర్టు వీటిని చదివే పద్ధతి మాత్రం చాలావరకు ఒకటే. మామూలు కేసుల్లో జడ్జిగారు ముందు "ఏం జరిగింది" అని చూస్తారు. ఈ సెక్షన్లలో ముందు చూసేది "కోర్టుకి ఎవరు వచ్చారు, ఏ దారిలో వచ్చారు" అని, ఆ వెంటనే "సెక్షన్‌లో ఉన్న మాట ఫిర్యాదులో ఉందా" అని. మీ నాన్నగారు అరవడం తప్పా ఒప్పా అన్నది ఆ రెండూ దాటాకే వస్తుంది. చాలామంది క్లయింట్లు, కొందరు వకీళ్లు కూడా, మూడోదానితో మొదలుపెట్టి "మావాడు మంచివాడండీ" అని వాదిస్తారు. క్వాష్ పిటిషన్‌లో దానితో పని జరగదు.

అమెరికా సంగతి ఇక్కడే చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే ఈ చదివే పద్ధతికి అది మంచి ఉదాహరణ. ఎన్‌రాన్ అనే కంపెనీ కుంభకోణం తర్వాత 2002లో అక్కడ ఒక చట్టం చేశారు. అందులో ఒక ఉపసెక్షన్ రికార్డులు, పత్రాలు చింపేయడం, దాచేయడం గురించి చెబుతుంది, దాని వెంటనే వచ్చే ఉపసెక్షన్ "లేదా మరో విధంగా అధికారిక విచారణకు అడ్డుపడితే" అంటుంది, శిక్ష 20 ఏళ్ల దాకా. 2021 జనవరి 6న అక్కడి పార్లమెంటు అయిన క్యాపిటల్ భవనంలోకి చొరబడ్డ వాళ్లలో చాలామంది మీద ఈ రెండో ముక్క వాడారు. 2024 జూన్ 28న ఫిషర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు 6–3తో ఏమందంటే, "మరో విధంగా" అన్నంత మాత్రాన ఆకాశం కింద ఉన్నదంతా అందులోకి రాదు, ముందున్న ముక్కలో ఉన్నట్టు విచారణలో వాడే రికార్డులు, పత్రాలు, వస్తువుల లాంటివాటిని పాడుచేయడమో, పాడుచేయబోవడమో ఉండాలి అని. తీర్పుతో విభేదించిన ముగ్గురు జడ్జిలు చట్టంలో ఉన్న మాటని ఉన్నట్టే చదవండి, అది విశాలంగా ఉంటే విశాలంగానే చదవండి అన్నారు. నాకు ఆ ముగ్గురి వాదనే కొంచెం బలంగా అనిపిస్తుంది, అది వేరే సంగతి. ఇక్కడ మనకి పనికొచ్చేది ఒక్కటే: అడ్డు అనేది రబ్బరులా ఎంతైనా సాగే మాట కాబట్టి, దాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలని ఏ దేశంలోనైనా పైకోర్టులు చూస్తాయి. మనవాళ్లు ఆపిన చోట్లు వేరు.

ఇక మీ కేసు. 221 అంటే పాత ఐపీసీ 186. ప్రభుత్వోద్యోగి విధికి కావాలని ఆటంకం కలిగిస్తే 3 నెలల దాకా జైలు, లేదా 2,500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాతదాంట్లో జరిమానా 500 ఉండేది, అంతకుమించి మార్పేమీ లేదు. 132 అంటే పాత 353. ఇది పెద్దది, 2 ఏళ్ల దాకా శిక్ష, కాగ్నిజబుల్ (మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులే కేసు కట్టగలిగేది), నాన్‌బెయిలబుల్. ఇంతకీ పోలీసులు రెండూ కలిపి ఎందుకు వేస్తారు? కేంద్ర షెడ్యూల్ ప్రకారం 221 ఒక్కటే అయితే అది నాన్‌కాగ్నిజబుల్, మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా దర్యాప్తు మొదలుపెట్టకూడదు. పక్కన ఒక్క కాగ్నిజబుల్ సెక్షన్ ఉంటే మొత్తం కేసు కాగ్నిజబుల్ అయిపోతుంది. అందుకని ఎవరైనా అధికారి "మా పని ఆపారు" అంటే చాలు, 132 దానికదే వచ్చి కూర్చుంటుంది. (కొన్ని సెక్షన్లను రాష్ట్రాలు నోటిఫికేషన్‌తో కాగ్నిజబుల్ చేస్తుంటాయి, మీ వకీలు మీ రాష్ట్రం వరకు ఒకసారి సరిచూసుకోవాలి.)

132 సెక్షన్‌ని తెరిచి చూడండి, అందులో ఆటంకం అన్న మాటే ఉండదు. ఉన్నవి రెండే: అసాల్ట్, క్రిమినల్ ఫోర్స్. అధికారి విధి చేస్తుండగా గానీ, చేయకుండా ఆపాలని గానీ ఆయన మీద దాడికి దిగాలి, లేదా బలప్రయోగం చేయాలి. క్రిమినల్ ఫోర్స్ అంటే ఏమిటో 129లో, అసాల్ట్ అంటే ఏమిటో 130లో నిర్వచనాలు ఉన్నాయి, 130 కింద వివరణలో ఉత్త మాటలు అసాల్ట్ కావని స్పష్టంగా రాసి ఉంది. చెయ్యెత్తి మీదకొస్తూ "ఇప్పుడు చూడు" అంటే ఆ మాట ఆ చేతికి అర్థం ఇస్తుంది, అప్పుడది అసాల్ట్. గట్టు మీద నిలబడి "వేయనివ్వను" అని అరిస్తే కాదు.

దీని మీద సుప్రీంకోర్టు తీర్పులు మీకు అనుకూలంగానే ఉన్నాయి. 2015లో మాణిక్ తనేజా కేసు: బెంగళూరులో భార్యాభర్తల కారు ఆటోకి తగిలింది, స్టేషన్‌కి పిలిచినప్పుడు ఇన్‌స్పెక్టర్ దురుసుగా మాట్లాడారని వాళ్లు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో రాశారు, దానికి 353, 506 పెట్టారు. హైకోర్టు క్వాష్ చేయనంది. సుప్రీంకోర్టు మాత్రం కామెంట్ రాయడంలో దాడీ లేదు, బలప్రయోగమూ లేదు అని ఎఫ్‌ఐఆర్ కొట్టేసింది. 2024లో మహేంద్ర కుమార్ సోంకర్ కేసు ఇంకో మెట్టు ముందుకెళ్లింది. మధ్యప్రదేశ్‌లో లంచం పట్టుకోవడానికి లోకాయుక్త పన్నిన ట్రాప్ నుంచి తప్పించుకోబోయి అధికారులను నెట్టుకున్నందుకు 353 కింద శిక్ష పడింది. ఆ తోపులాట విడిపించుకోవడానికే, కొట్టాలనో బలం ప్రయోగించాలనో కాదని సుప్రీంకోర్టు ఆయన్ని వదిలేసింది. 2025 జనవరిలో బి.ఎన్. జాన్ కేసు, వారణాసిలో పిల్లల హాస్టల్‌ని అధికారులు తనిఖీ చేసిన సందర్భంలోది. ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నది గొడవ సృష్టించారు అన్న మాటే, గొడవ వేరు, దాడి వేరు, బలప్రయోగం వేరు అని కేసు కొట్టేశారు. మీ పిటిషన్‌కి ఈ మూడింటిలో బి.ఎన్. జాన్‌దే ముఖ్యం, రెండో కారణం కూడా ఉంది, కిందకి వస్తుంది.

అందుకే మీరు చేయాల్సిన మొదటి పని ఎఫ్‌ఐఆర్ చివర జతచేసిన ఫిర్యాదు కాగితాన్ని అక్షరం అక్షరం చదవడం. "మా విధులకు ఆటంకం కలిగించి, దుర్భాషలాడి, భయభ్రాంతులకు గురిచేసినారు" అని మాత్రమే ఉంటే 132 నిలబడటం కష్టం. "నా చొక్కా కాలర్ పట్టుకుని నెట్టినాడు", "చేతిలోని గొలుసు లాగి పడేసినాడు" అని ఒక్క వాక్యం ఉన్నా కథ మారిపోతుంది. అప్పుడది నిజమా అబద్ధమా అన్నది ట్రయల్‌లో తేలాల్సిన విషయం అవుతుంది, క్వాష్‌లో హైకోర్టు ఆ జోలికి పోదు. భజన్‌లాల్ తీర్పు, 1990 నాటిది, ఇప్పటికీ క్వాష్‌కి కొలబద్ద అదే: ఆరోపణలన్నీ నిజమే అనుకుని చదివినా నేరం కనబడకపోతేనే కొట్టేస్తారు. ఇంకో సంగతి. ఫిర్యాదులో లేని నెట్టడం తర్వాత బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 180 కింద రాసుకునే సాక్షుల వాంగ్మూలాల్లో ప్రత్యక్షం కావడం మా ప్రాక్టీసులో కొత్తేమీ కాదు. నలుగురు సాక్షులు ఒకే వాక్యాన్ని ఒకే కామాతో చెప్పి ఉంటారు. ఛార్జిషీటు వచ్చాక ఈ తేడాని పక్కపక్కన పెట్టి చూపించగలిగితే జడ్జిగారికి వేరే వివరణ అక్కర్లేదు.

వీడియో మీకు పెద్ద ఆధారమే కానీ క్వాష్‌లో దాన్ని చూస్తారని నమ్మకం పెట్టుకోకండి. ముద్దాయి తరఫు పత్రాలను ఆ దశలో మామూలుగా చూడరు. ఎవరూ కాదనలేనంత నికార్సైనదైతే చూడొచ్చని 2013లో రాజీవ్ థాపర్ కేసులో అన్నారు, ఆ గీత దాటడం కష్టం. ముందు ఆ ఫోన్‌ని జాగ్రత్త చేయండి. వాట్సాప్‌లో తిరిగిన కాపీ కాదు, ఒరిజినల్ ఫైల్ ఉన్న ఫోనే కావాలి, దాన్ని ఫార్మాట్ కొట్టొద్దు, అమ్మేయొద్దు. కోర్టులో దాఖలు చేసేటప్పుడు సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్ కావాలి, అది పాత 65బి సర్టిఫికెటే, కొత్త ఫారంలో హ్యాష్ విలువ (ఫైల్ మార్చలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటిది) కూడా అడుగుతున్నారు. ఇక మిమ్మల్ని ఏ2 చేయడం గురించైతే, దూరంగా నిలబడి వీడియో తీయడంలో ఏ బలప్రయోగమూ లేదు. 3(5) అంటే ఉమ్మడి ఉద్దేశం, నాన్నగారే ఏ బలమూ వాడకపోతే మీరు పంచుకోవడానికి ఏముంది? పిటిషన్ మీ ఇద్దరిదీ కలిపి వేసినా మీ పాత్ర గురించి విడిగా ఒక పేరా రాయించండి.

ఇప్పుడు 221. ఇక్కడ గాలి కొంచెం అటు తిరిగింది. శారీరకంగా అడ్డుపడితేనే ఆటంకమా, మాటలతో బెదిరించినా ఆటంకమేనా అని హైకోర్టులు చాలాకాలం తలా ఒక మాట చెప్పాయి. 2025 ఆగస్టులో దేవేంద్ర కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. ఢిల్లీలో సమన్లు అందించడానికి స్టేషన్‌కి వెళ్లిన కోర్టు ప్రాసెస్ సర్వర్‌ని అక్కడి అధికారి అవమానించి ఆపేశాడన్న కేసు అది. ఆటంకానికి శారీరక బలం ఉండి తీరాలన్న నియమం లేదు, బెదిరింపుతోనో మరో తీరులోనో అధికారి తన పని చేసుకోలేని స్థితి తెచ్చినా చాలు అన్నారు. కాబట్టి "మావాడు ముట్టుకోలేదు కాబట్టి 221 కూడా లేదు" అన్న వాదన ఇకమీదట పెద్దగా నడవదు. ఆ రోజు సర్వే ఆగిపోయి వాళ్లు వెనక్కి వెళ్లారంటే 221కి కావాల్సిన సరుకు ప్రాసిక్యూషన్ దగ్గర కొంత ఉన్నట్టే.

కానీ 221కి తాళం వేరే చోట ఉంది, అది బీఎన్‌ఎస్‌ఎస్ 215, పాత సీఆర్‌పీసీ 195. ఆటంకం పొందిన ఆ ప్రభుత్వోద్యోగి గానీ, ఆయన పై అధికారి గానీ, ఆయన అధికారం ఇచ్చిన మరో ప్రభుత్వోద్యోగి గానీ రాతపూర్వకంగా కోర్టుకి కంప్లయింట్ ఇస్తే తప్ప ఏ మేజిస్ట్రేటూ 221 కింద కాగ్నిజెన్స్ తీసుకోకూడదు, అంటే కేసుని విచారణకి స్వీకరించకూడదు. కోర్టుకి అన్న మాట గుర్తుపెట్టుకోండి. సర్వేయర్‌గారు ఎస్‌ఐకి ఇచ్చింది చట్టం దృష్టిలో కంప్లయింట్ కాదు, సమాచారం మాత్రమే. దాని మీద పోలీసులు వేసే ఛార్జిషీటు పోలీస్ రిపోర్ట్, అదీ కంప్లయింట్ కాదు. బి.ఎన్. జాన్ కేసులో జరిగింది ఇదే, అక్కడ అధికారి రాతపూర్వకంగానే రాశారు, కానీ రాసింది సిటీ మేజిస్ట్రేట్‌కి, ఆయన పరిపాలన వైపు ఉండే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్, కోర్టు నడిపే జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ కాదు, చెల్లదన్నారు. మన దగ్గర తహసీల్దారు కూడా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటే. "సర్వేయర్ తహసీల్దారుకి రిపోర్ట్ పెట్టాడు, అదే కంప్లయింట్" అని ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) ఎవరైనా వాదిస్తే ఈ తీర్పు ముందు పెట్టించండి.

ఎందుకీ తాళం అంటే, ప్రతి చిన్న గొడవకీ ఎవరో ఒకరు "ప్రభుత్వ పనికి ఆటంకం" అని కేసు పెట్టకుండా, ఆ అధికారే ఆలోచించి, ఇది కోర్టుకి తీసుకెళ్లదగ్గ విషయమే అని నిర్ణయించుకుని సంతకం చేయాలని. సంతకం చేశాక ఆయన పై అధికారి ఆ కంప్లయింట్‌ని వెనక్కి తీసుకోమని ఆదేశించవచ్చు కూడా, ట్రయల్ ముగియకముందు ఎప్పుడైనా. గ్రామంలో మనసులు కుదుటపడ్డాక ఈ దారి పనికొస్తుంది, కానీ దీన్ని వాడుకునేవాళ్లు చాలా తక్కువ.

ఇక్కడొక మెలిక ఉంది, దీన్ని పట్టించుకోక చాలా క్వాష్ పిటిషన్లు మొదటి రోజే పోతాయి. 215 ఆపేది కాగ్నిజెన్స్‌ని, దర్యాప్తుని కాదు. 1998లో పంజాబ్ రాష్ట్రం వర్సెస్ రాజ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, పోలీసులు దర్యాప్తు చేసుకునే అధికారానికి 195 అడ్డు రాదు అని. కాబట్టి ఎఫ్‌ఐఆర్ అయిన వారంలోనే పరిగెత్తుకెళ్లి 215 పాయింట్ ఒక్కటే పెడితే "ఇంకా కాగ్నిజెన్సే లేదు, అప్పుడే ఎందుకొచ్చారు" అంటారు. అప్పుడు మీరు గట్టిగా చెప్పాల్సింది 132 గురించి: ఇందులో 132 పుట్టనే లేదు, అది తీసేస్తే మిగిలేది నాన్‌కాగ్నిజబుల్ 221, దానికి మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా దర్యాప్తు ఎలా అని. ఛార్జిషీటు వచ్చి సీసీ నంబర్ (కోర్టు కేసు నంబర్) పడ్డాక వెళ్తే 215 పాయింట్ పూర్తి బలంతో పనిచేస్తుంది. ఫిర్యాదులో నెట్టడం, కొట్టడం అసలు లేదంటే ఇప్పుడే వెళ్లండి. ఉందంటే ఛార్జిషీటు దాకా ఆగడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఒకసారి పిటిషన్ కొట్టేశాక అదే పాయింట్ మీద మళ్లీ వెళ్లడం తలనొప్పి.

ప్రాసిక్యూషన్ వైపు నుంచి వచ్చే జవాబు కూడా ముందే తెలుసుకోండి. 1966లో దుర్గాచరణ్ నాయక్ కేసులో సుప్రీంకోర్టు 186, 353 వేర్వేరు నేరాలు, 186కి కంప్లయింట్ లేదని 353 కేసు ఆగదు అంది. ఏపీపీలు ఈ వాక్యం చదివి కూర్చుంటారు. అదే తీర్పులో రెండో సగం కూడా ఉంది, కంప్లయింట్ అవసరాన్ని తప్పించుకోవడానికి నేరం పేరు మార్చి వేరే లేబుల్ అంటించకూడదు అని. అందుకే అంతా చివరికి ఒక్కదాని దగ్గరికి వస్తుంది: మీ ఫిర్యాదులో బలప్రయోగం విడిగా, నిజంగా ఉందా, లేక 221కే 132 తొడుగు వేశారా.

132 పోయినా సర్వేయర్‌గారు విడిగా కోర్టులో 221 కంప్లయింట్ వేసుకోవచ్చు. 3 నెలల శిక్ష ఉన్న నేరం కాబట్టి సాధారణంగా ఘటన జరిగిన ఏడాది లోపు వేయాలి, బీఎన్‌ఎస్‌ఎస్ 514. వేస్తే ఆయన ప్రమాణ వాంగ్మూలం ఇవ్వనక్కర్లేదు, కానీ కొత్త చట్టంలో 223 ప్రకారం కాగ్నిజెన్స్‌కి ముందు మీ నాన్నగారి మాట కూడా వినాలి. ఇది పాత చట్టంలో లేదు, వాడుకోండి.

"నోటీసు లేకుండా వచ్చారు కాబట్టి అది విధే కాదు" అన్న మీ వాదనలో కొంత పస ఉంది. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం నోటీసు గురించి చెబుతుంది, విధి అంటే చట్టప్రకారం చేసే విధి అని వాదించొచ్చు. కానీ దీని మీద మొత్తం భారం వేయకండి. అధికారి మంచి ఉద్దేశంతో, తన హోదాలో చేసే పని పూర్తిగా చట్టబద్ధం కాకపోయినా, ప్రాణభయమో తీవ్రగాయం భయమో లేకపోతే దాన్ని అడ్డుకోవడానికి ఆత్మరక్షణ హక్కు ఉండదని బీఎన్‌ఎస్ 37 చెబుతుంది. నోటీసు లోపానికి మందు పై అధికారికి అప్పీలు, లేదా హైకోర్టులో రిట్. గట్టు మీద గొడవ కాదు.

అరెస్టు టెన్షన్ గురించి రాశారు. 2 ఏళ్ల శిక్ష ఉన్న కేసు, 2014 అర్నేష్ కుమార్ తీర్పు ప్రకారం మామూలుగా బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు ఇచ్చి పిలవాలి. నోటీసు చేతికి ఇవ్వాలి, వాట్సాప్‌లో పంపితే సరిపోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు అందితే తప్పకుండా వెళ్లండి, వెళ్లకపోతే అదే అరెస్టుకి కారణం అవుతుంది. "క్వాష్ వేసి అరెస్టు చేయొద్దని ఆర్డర్ తెచ్చుకుంటే చాలదా" అని అందరూ అడుగుతారు. దీని మీద మన హైదరాబాద్ హైకోర్టు నుంచి వెళ్లిన కేసే ఉంది, తెలంగాణ రాష్ట్రం వర్సెస్ హబీబ్ అబ్దుల్లా జీలానీ, 2017. క్వాష్ చేయడం కుదరదు అంటూనే దర్యాప్తు పూర్తయ్యేదాకా అరెస్టు చేయొద్దని హైకోర్టు ఆదేశించింది, అలా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు గట్టిగానే అంది. 2021లో నీహారికా కేసులో దాన్నే మరింత వివరంగా చెప్పారు. కాబట్టి 35(3) పాటించమని ఆదేశం రావొచ్చు, అంతకుమించిన రక్షణ కావాలంటే ముందస్తు బెయిల్ వేసుకోవడమే. ఇంకో చిన్న మాట, మీరు ఉద్యోగాల ప్రయత్నంలో ఉంటే వెరిఫికేషన్ ఫారంలో ఈ కేసు గురించి అడిగిన చోట దాచకండి. కేసు కంటే దాచిపెట్టడం వల్ల ఉద్యోగాలు పోయినవాళ్లే నాకు ఎక్కువ తెలుసు.

ఇక అగ్రిమెంటు. "కోర్టులో ఉంది, ముట్టుకోకూడదు" అని స్టేషన్‌లో చెప్పింది ఒకప్పుడు కొంతవరకు నిజమే, 2005 తర్వాత కాదు. అదే 195 సెక్షన్‌లో ఇంకో ముక్క, ఇప్పుడు 215(1)(బి)(ii), కోర్టులో దాఖలైన పత్రం విషయంలో జరిగిన ఫోర్జరీకి ఆ కోర్టే కంప్లయింట్ ఇవ్వాలంటుంది. దాన్ని అడ్డం పెట్టుకుని ఫోర్జరీ చేసినవాళ్లు హాయిగా బతికారు: ఇంట్లో దొంగ కాగితం రాయి, దాన్ని తీసుకెళ్లి ఏదో ఒక దావాలో పెట్టు, ఇక పోలీసులు రారు. 1996లో ఒక బెంచ్, 1998లో ఇంకో బెంచ్ వేర్వేరుగా చెప్పడంతో గందరగోళం వచ్చి, చివరికి ఇక్బాల్ సింగ్ మర్వా కేసులో అయిదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం 2005 మార్చి 11న తేల్చేసింది. వీలునామాలను ఖరారు చేసే ఢిల్లీ ప్రొబేట్ కోర్టులో పెట్టిన ఒక వీలునామా మీద వచ్చిన కేసు అది. పత్రం కోర్టు ఆధీనంలోకి వచ్చాక దాన్ని దిద్దితేనే ఈ నిషేధం, బయట ఎక్కడో తయారు చేసి తర్వాత కోర్టులో పెట్టిన కాగితానికి నిషేధం లేదు. కోర్టు ఫైల్లో ఉన్నప్పుడు జరిగితే తప్పు కోర్టు పట్ల జరిగింది కాబట్టి కోర్టు చూసుకుంటుంది, ఇంట్లో జరిగితే తప్పు బాధితుడి పట్ల జరిగింది కాబట్టి బాధితుడు ఫిర్యాదు చేసుకోవచ్చు, తర్కం అంతే.

మీ తాతగారి సంతకం దావా వేయకముందే పెట్టారు కాబట్టి పోలీసులు కేసు కట్టొచ్చు. ఎస్‌ఐ వద్దంటే ఫిర్యాదుని స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపండి, బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) కింద. రసీదు దాచుకోండి. అప్పటికీ కదలకపోతే అఫిడవిట్‌తో సహా మేజిస్ట్రేట్ దగ్గర 175(3) పిటిషన్. ఈ మెట్లు వరుసగా ఎక్కాలి, మధ్యలో ఒకటి వదిలేస్తే పిటిషన్ వెనక్కి వస్తుంది. ఆ అగ్రిమెంటు 2024 జూలై 1కి ముందు తయారైంది అనిపిస్తే ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి, ఫిర్యాదులో రెండూ కలిపి రాసి గందరగోళం చేయకండి. దావాలో మీ జవాబు వేసేటప్పుడే సంతకాన్ని స్పష్టంగా కాదనండి, తాతగారి ఒప్పుకున్న సంతకాలున్న రిజిస్టర్డ్ దస్తావేజు ఏదైనా ఉంటే వెతికి పెట్టుకోండి. నిపుణుడి పరిశీలనకి అదే ఆధారం, వేలిముద్రలు ఉంటే ఇంకా మంచిది.

అదే మనిషి రేపు బోను ఎక్కి "తాతగారు నా ముందే సంతకం పెట్టారు" అని ప్రమాణం చేసి చెబితే అది వేరే నేరం, తప్పుడు సాక్ష్యం, అక్కడ మర్వా తర్కం పనిచేయదు. 2020లో బండేకర్ బ్రదర్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాని విడమరిచి చెప్పింది. తప్పుడు సాక్ష్యానికి కంప్లయింట్ ఇవ్వాల్సింది ఆ కోర్టే, మీరు చేయగలిగింది బీఎన్‌ఎస్‌ఎస్ 379 కింద (పాత 340) పిటిషన్ వేసి కోర్టు దృష్టికి తేవడం. ఇక్కడ కోర్టు రెండు చూస్తుంది, పైకి కనబడే ఆధారం ఉందా అని, ప్రాసిక్యూట్ చేయడం న్యాయప్రయోజనానికి అవసరమా అని. ఈ రెండోదాంట్లోనే నూటికి తొంభై పిటిషన్లు ఆగిపోతాయని నా అనుభవం. మీకు ఎంత నష్టం జరిగిందన్నది కాదు, న్యాయపాలనకి ఎంత దెబ్బ తగిలిందన్నది లెక్క అని మర్వా తీర్పులోనే ఉంది. ప్రాథమిక విచారణ జరిపి తీరాలని గానీ, అవతలి వ్యక్తి మాట ముందే వినాలని గానీ లేదు, 2022లో జస్బీర్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జిలు చెప్పారు. కాదంటే 380 కింద పైకోర్టుకి అప్పీలు ఉంది. దావా మధ్యలో వేస్తే జడ్జిగారు "తీర్పప్పుడు చూద్దాం" అని పక్కన పెడతారు, దాన్ని తప్పుపట్టలేం, సంతకం దొంగదో కాదో తేలకుండా అబద్ధం ఎలా తేలుతుంది? కాబట్టి ప్రస్తుతానికి ఫోర్జరీ కేసు మీద దృష్టి పెట్టండి, 379 గుర్తుంచుకోండి.

రెండు కేసులకీ ఒకే వకీలు ఉంటే మంచిది, ఎందుకంటే రెంటికీ మూలం ఆ పొలమే. పక్కాయన అగ్రిమెంటు వల్లే సర్వే అడిగాడా, ఆ దరఖాస్తు ఏ తారీఖుది, మీకు నోటీసు పంపినట్టు ఫైల్లో ఉందా అన్నవి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తహసీల్దారు ఆఫీసు నుంచి ఇప్పుడే తెప్పించుకోండి. హైకోర్టులో క్రిమినల్ పిటిషన్ వేసేటప్పుడు పోలీసులకి ఫిర్యాదు ఇచ్చిన అధికారిని డిఫాక్టో కంప్లయినెంట్‌గా తప్పకుండా చేర్చండి, ఆయనకి నోటీసు అందకపోతే వాయిదాలతోనే కాలం గడిచిపోతుంది. ఒకవేళ క్వాష్ రాకపోతే అక్కడితో అయిపోయినట్టు కాదు, కింది కోర్టులో ఇంకో దారి ఉంది: 2 ఏళ్లకి మించని శిక్ష కాబట్టి ఇది సమన్స్ కేసు, బీఎన్‌ఎస్‌ఎస్ 274 ప్రకారం ఆరోపణకి ఆధారం లేదనుకుంటే మేజిస్ట్రేట్ కారణాలు రాసి వదిలేయాలి, అది డిశ్చార్జ్‌తో సమానం. 262 కింద 60 రోజుల గడువుతో ఉన్న డిశ్చార్జ్ పిటిషన్ 2 ఏళ్లకి మించిన శిక్ష ఉన్న వారంట్ కేసులకి. హైకోర్టులో పిటిషన్ నడుస్తోంది కదా అని ఆ అవకాశాన్ని వదిలేయకండి.